జెట్టూ గొట్టమూ: సీమ రహదారిపై ఒక పనితనం కథ

బెంగళూరులో తెల్లవారకముందే బండి తీసి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలోకి వచ్చి, పెనుకొండ మీదుగా అనంతపురం చేరేసరికి రోడ్డు మనిషిని దాదాపు 580 మీటర్లు కిందికి దించుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంటే, అనంతపురం 340 దగ్గర ఉంది. దిగిన కొద్దీ గాలి చిక్కబడుతుంది, చిక్కని గాలి పీల్చిన ఇంజను బలం పుంజుకుంటుంది అని పుస్తకం చెబుతుంది. మే నెల మధ్యాహ్నం మాత్రం ఆ మాట సీమలో చెల్లదు. 22 డిగ్రీల బెంగళూరు ఉదయాన ఘనపు మీటరు గాలి కిలో 70 గ్రాములు తూగితే, 42 డిగ్రీల అనంతపురం ఎండలో తూచినా తేలేది దాదాపు అంతే. దిగుడు ఇచ్చినదాన్ని ఎండ లాగేసుకుంటుంది. అదే ఊళ్లో జనవరి తెల్లవారుజామున, 17 డిగ్రీల చలిలో లెక్క వేస్తే కిలో 170 గ్రాముల దాకా వస్తుంది. ఊరు మారలేదు, బండి మారలేదు. అయినా నాలుగైదు నెలల్లో సిలిండరులోకి వెళ్లే గాలిలో ఎనిమిది శాతం తేడా. ఖరీదైన సైలెన్సరూ, పెట్రోలు కొలత మార్చే ట్యూనరూ కలిపి బిగించినా మామూలు టూరింగ్ బండికి దక్కే అదనపు బలం చాలాసార్లు ఇంతకు మించదు. బండికి ఏం కొనాలని అడిగేవాళ్లు ముందు ఈ గాలి సంగతి చూసుకోవాలి.

ఇంజను బతుకంతా నిప్పుతో అనుకుంటాం గానీ, దాని లెక్కంతా గాలితోనే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. గట్టిగా లాగాలంటే 13 పాళ్ల దగ్గరికి, అంటే పెట్రోలు కాస్త ఎక్కువ పడేలా పెట్టుకుంటారు. లోపలికి వచ్చే గాలి ఎంతో, కాలిన పొగ బయటికి పోయే దారి ఎంత సాఫీగా ఉందో ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. పొగ తొందరగా పోతే తర్వాతి గుక్కకు చోటు పెరుగుతుంది, గాలి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ పెట్రోలు కావాలి. పెట్రోలు కొలిచే జెట్టూ, పొగ వదిలే గొట్టమూ ఒకే పద్దులో జమా, ఖర్చూ లాంటివి. సీమలో ఇంజన్లు తిరిగిన కాలంలో ఎక్కువ భాగం ఆ రెండింటినీ ఒకే చెయ్యి చూసుకునేది. గడిచిన పదిహేను, ఇరవై ఏళ్లలో అవి విడిపోయి, రెండు వేర్వేరు కొనుగోళ్లయ్యాయి. ఇవాళ ఊళ్లలో వినిపించే సైలెన్సర్ల రొదకు మూలం కుర్రకారు పొగరులో కన్నా ఆ విడిపోవడంలోనే ఎక్కువ ఉందని నా వాదన. టూరింగ్ బండికి ఏం బిగించాలి, ఏం బిగించకూడదు అన్నదానికీ జవాబు అక్కడే ఉంది.

ఈ గడ్డ మీద రైతుకు ఇంజను పరిచయమైంది రోడ్డు మీద కన్నా ముందు బావి గట్టు మీద. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్త మండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురంలో కూర్చున్న నాటికీ, 1876-78 నాటి ధాత కరువు నాటికీ, 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేసిన నాటికీ సీమ ప్రశ్న ఒకటే: నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మీద ఆశ పెట్టుకోలేక మనుషులు బావిలోకి చూశారు. కపిలి తోలి, ఎద్దుల మెడలు అరగదీసి నీళ్లు తోడుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు, బావులకు ఆయిలింజన్లూ పంపులూ బిగిస్తే సేద్యం గిట్టుబాటవుతుందని పట్టుబట్టి ప్రచారం చేశాడు. అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్న అనంతపురం జిల్లాలో కరెంటు మోటార్లు ఊరూరా వచ్చేదాకా డీజిలు ఇంజను ఆ కొరత తీర్చింది. సన్నటి గొట్టం పైకి లేపి, టక్ టక్ మంటూ రోజంతా ఒకే వేగంతో తిరిగే ఆ ఇంజను సీమవాళ్లకు పొగ చదవడం నేర్పిన మొదటి బడి. నల్ల పొగ వస్తే మోత మించింది, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. తెల్ల పొగ వస్తే డీజిలు సరిగా కాలడం లేదు. నీలం పొగ వస్తే ఇంజనాయిలు లోపలికి దిగుతోంది. మీటర్లు లేవు, పొగే మీటరు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. 1900 పారిస్ ప్రదర్శనలో చిన్న డీజిలింజను ఒకటి వేరుశనగ నూనె మీద నడిచిందని రుడాల్ఫ్ డీజిలే తర్వాత చెప్పాడు. దేశంలో వేరుశనగకు పేరుపడ్డ జిల్లాలో మాత్రం ఆ ఇంజన్లు తాగిందంతా ఎక్కడి నుంచో వచ్చిన డీజిలే.

రెండో పాఠం బొగ్గు బస్సులు నేర్పాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చాక, బస్సు వెనక ఒక పొయ్యి తగిలించి, కట్టెబొగ్గు మండించి, ఆ గ్యాసును ఇంజనుకు పెట్టారు. పాత తరం తెలుగువాళ్ల జ్ఞాపకాల్లో బొగ్గు బస్సు నవ్వు పుట్టించే వస్తువు: ఎత్తు ఎక్కలేక ఆగిపోతుంది, జనం దిగి తోస్తారు. పనితనం వైపు నుంచి చూస్తే మాత్రం అది చిన్న విషయం కాదు. బొగ్గు గ్యాసులో సత్తువ తక్కువ. పెట్రోలు మీద లాగిన ఇంజను మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బలం కోల్పోతుంది. పొయ్యి వేడి మారినప్పుడల్లా గ్యాసు గుణం మారుతుంది, కాబట్టి డ్రైవరు గాలి కవాటాన్ని చేత్తో సర్దుకుంటూనే నడపాలి. ఇవాళ సెన్సరూ కంప్యూటరూ చేసే పనిని ఆ మనిషి చెవితోనూ వేళ్లతోనూ చేశాడు. ఉన్న గాలికీ, దొరికిన ఇంధనానికీ ఇంజనును ఒప్పించడమే ట్యూనింగు. బలం పెంచుకోవడం అందులో ఒక చిన్న ముక్క మాత్రమే. కరువు సీమలో ఆ పెద్ద అర్థమే ముందు పుట్టింది.

మోటారు సైకిలు ఈ కథలోకి కాస్త ఆలస్యంగా వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ ఊరి ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక, తిరువొత్తియూరు నుంచి బుల్లెట్లు రావడం మొదలైంది. దాని సిలిండరు కొలతలు 70 మిల్లీమీటర్ల వ్యాసం, 90 మిల్లీమీటర్ల నడక. పొడుగు నడక ఇంజను నింపాదిగా తిరుగుతుంది, తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది, ఒక్కో పేలుడుకీ మధ్య ఎడం చెవికి తెలుస్తుంది. బుల్లెట్ మోత అని మనం మురిసిపోయేది ఈ కొలతల నుంచి, బరువైన ఫ్లైవీల్ చక్రం నుంచి, పొడుగాటి సైలెన్సరు నుంచి పుట్టింది. ఎవరో కూర్చుని మోత కోసం తయారుచేసింది కాదు. ఆ సైలెన్సరులోనూ రకాలు వచ్చాయి. లాంగ్ బాటిల్, షార్ట్ బాటిల్, మెగాఫోన్, గోల్డీ, పంజాబు అంటూ మెకానిక్కుల నోట పేర్లు నిలిచాయి. గోల్డీ అన్నది ఇంగ్లండులోని బీఎస్ఏ గోల్డ్‌స్టార్ బండి సైలెన్సరుకు నకలు. ఊపిరి ఎక్కువ వదిలే సైలెన్సరు పెడితే కార్బరేటరులో మెయిన్ జెట్టు ఒక సైజు పెంచడం, నీడిలు క్లిప్పు ఒక గాడి మార్చడం మంచి మెకానిక్కు పద్ధతి. రెండు పనులకూ ఒకే కూలీ, ఒకే పూట.

బుల్లెట్ ఇంజనుకు ఓపిక ఎక్కువ. గొట్టం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. జెట్టుకూ గొట్టానికీ ఉన్న బంధం నిజంగా ఎంత గట్టిదో చూపింది రెండు స్ట్రోకుల బండ్లు. 1960ల మొదట్లో మైసూరులో ఇరానీ కుటుంబం స్థాపించిన ఐడియల్ జావా నుంచి జావాలు, తర్వాత యెజ్డీలు వచ్చాయి. ఒక్క సిలిండరుకు రెండు గొట్టాల ఆ బండి, మైసూరు దగ్గరే కనుక, సీమ రోడ్లకు పరాయిది అనిపించలేదు. 1985 చివర్లో యమహా ఆర్ఎక్స్ 100 దిగింది. 98 సీసీల ఇంజనుకు 11 హార్స్‌పవర్ రావడం వెనక మాయ చాలావరకు గొట్టంలోనే ఉంది. రెండు స్ట్రోకుల ఇంజనులో కాలిన పొగతో పాటు తాజా మిశ్రమం కూడా బయటికి జారిపోతుంది. గొట్టాన్ని ముందు వెడల్పు చేసి, మళ్లీ ఇరుకు చేస్తే, లోపల పుట్టిన ఒత్తిడి అల చివరి ఇరుకుకు తగిలి వెనక్కి వచ్చి, జారిపోతున్న మిశ్రమాన్ని సిలిండరులోకి తోస్తుంది. ఈ కిటుకును 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ సాన పట్టాడు. 1961లో ఆ కంపెనీ రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి సుజుకీలో చేరడంతో ఆ విద్య జపానుకు చేరింది. అల ఏ వేగంలో, ఎంత వేడిలో సరిగ్గా వెనక్కి రావాలో గొట్టం పొడవు తేలుస్తుంది. కనుక ఆర్ఎక్స్ సైలెన్సరు లోపలి బఫిలు పీకేసి, రొద పెరిగిందని సంబరపడ్డ బండి చాలాసార్లు బలం పోగొట్టుకుంది. చెవి పెరిగిందంది, తొడకింద ఇంజను తగ్గిందంది. చెవిని నమ్మినవాళ్లే ఎక్కువ.

ఆ కాలపు పనిని దగ్గరగా చూస్తే జెట్టూ గొట్టమూ కలిసి ఉండటం ఎంత మామూలు విషయమో తెలుస్తుంది. రెండు స్ట్రోకుల బండి పెట్రోలుతో పాటు ఆయిలునూ కాలుస్తుంది, సైలెన్సరు లోపల మసి గట్టిపడి పేరుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి గొట్టం విప్పి, బఫిలు లాగి, నిప్పులో కాల్చి లేదా కాస్టిక్ సోడాలో నానబెట్టి మసి రాల్చేవారు. పొగ దారి తెరుచుకున్న బండికి వెంటనే ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ కొన కాఫీపొడి రంగులో ఉంటే సరి. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, తెల్లగా మాడి ఉంటే తక్కువ. దానికి తగ్గట్టు గాలి స్క్రూ పావు చుట్టు తిప్పడమో, జెట్టు మార్చడమో చేస్తారు. బండి ట్యూనింగు చేయించుకుని వస్తానంటే ఆ రోజుల్లో అర్థం ఇదే: గొట్టం, ప్లగ్గు, కార్బరేటరు అన్నీ ఒకేసారి. రుతువూ ఇందులో భాగమే. కార్బరేటరు గాలి బరువును కొలవలేదు. వేసవిలో గాలి పలచబడితే పెట్రోలు పాలు దానంతట అదే కాస్త పెరిగిపోతుంది, చలికాలం తెల్లవారుజామున తగ్గిపోతుంది. మొదట చెప్పిన ఎనిమిది శాతం తేడాలో దాదాపు సగం మిశ్రమంలో తప్పుగా తేలుతుంది. స్క్రూడ్రైవరు ఆ తప్పును దిద్దింది.

రోడ్డు కూడా ఇంజనును మార్చింది. పాత ఏడో నంబరు జాతీయ రహదారి రెండు వరుసలుగా ఉన్న రోజుల్లో, లారీల వెనక, ఊళ్ల మధ్య నుంచి, 60 దాటితే గొప్ప. గంటకోసారి బండి ఆగేది, చల్లారేది. ఉత్తర దక్షిణ కారిడారు పేరుతో ఆ దారి నాలుగు వరుసలయ్యాక, 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 అయ్యాక, గుత్తి నుంచి పెనుకొండ దాకా ఒకే వేగంతో పోగలిగే దారి దొరికింది. బావి గట్టు ఇంజనులాగా మోటారు సైకిలు కూడా గంటల తరబడి ఒకే తీరుగా తిరగాల్సి వచ్చింది. ఇక్కడ సీమ ఎండ మళ్లీ అడ్డుపడుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు బయటి గాలే 42 డిగ్రీలుంటే ఊరట తక్కువ. పెట్రోలు తక్కువ పడే మిశ్రమంతో, గట్టి లోడు మీద గంటసేపు లాగితే పిస్టను ఉబ్బి పట్టేస్తుంది. పాత బుల్లెట్లను నాలుగు వరుసల రోడ్డు మీద 100లో తోలినవాళ్లకు ఈ పాఠం ఖరీదుగానే అందింది. బెంగళూరు, హైదరాబాదుల నుంచి లేపాక్షికి, బేలం గుహలకు, తాడిపత్రి మీదుగా గండికోటకు వారాంతాల్లో బండ్లేసుకుని వచ్చే అలవాటు పెరిగిన కాలం కూడా ఇదే. టూరింగ్ అనే మాట మెకానిక్కు షాపులోకి వచ్చింది. పికప్పు, టాప్ స్పీడు అన్న పాత ప్రశ్నల పక్కన కొత్తవి చేరాయి: ఆరు గంటలు కూర్చుంటే చెవులు హోరెత్తకుండా ఉండాలి, మోకాళ్లు కాలకూడదు, బంకు దూరమైనా టాంకు సరిపోవాలి, సామానుతో ఎత్తు ఎక్కితే గేరు దించకుండా లాగాలి.

ఆ ప్రశ్నలకు జవాబిచ్చే చేతికి మాత్రం సరిగ్గా అప్పుడే కట్లు పడ్డాయి. మన దేశంలో వాహనాల పొగకు హద్దులు 1991లో మొదలై, 1996లో, 2000లో బిగిశాయి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. భారత్ స్టేజ్ (బీఎస్) మూడు 2010లో వచ్చింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఏప్రిల్ 1 నుంచి బీఎస్ నాలుగు కన్నా తక్కువ బండ్ల అమ్మకమే నిలిచింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ ఆరు రావడంతో కార్బరేటరు కొత్త బండ్ల నుంచి దాదాపు మాయమైంది. దాని చోట ఇంజెక్టరు, దాన్ని నడిపే ఈసీయూ అనే కంప్యూటరు, గొట్టంలో ఆక్సిజను సెన్సరు, కెటలిటిక్ కన్వర్టరు వచ్చాయి. ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే ఇదొక మేలే. దాన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు. పనితనం వైపు నుంచి జరిగింది వేరు. పెట్రోలు కొలిచే పని ముద్రవేసిన పెట్టెలోకి పోయింది, స్క్రూకు అందదు. పొగ వదిలే గొట్టం మాత్రం ఎప్పటిలాగే రెండు మూడు బోల్టులతో వేలాడుతూ ఉంది. ఎవరైనా విప్పేది చేతికి అందేదే. జెట్టు మార్చే విద్య అక్కర్లేకపోయాక, గొట్టం ఒక్కటే అంగడి సరుకుగా మిగిలింది. గొట్టంతో బలం రాదని తేలాక అమ్మడానికి మిగిలింది మోత. బుల్లెట్ పాత ఇనుప ఇంజను పోయి 2009 ప్రాంతంలో కొత్త యూనిట్ ఇంజను వచ్చినప్పుడు, పాత మోత తగ్గిందని అభిమానులు బాధపడ్డారు. ఇంజను కొలతల నుంచి ఊరికే వచ్చిన శబ్దం అప్పటి నుంచి డబ్బు పెట్టి కొనుక్కునే వస్తువైంది.

ఈ వాదనకు మొదటి అడ్డు ఇలా రావచ్చు: మోజు కొత్తదా? 1970లలో యెజ్డీ బఫిళ్లు పీకినవాళ్లు లేరా, ఆర్ఎక్స్‌కు బోలు గొట్టం పెట్టినవాళ్లు లేరా? ఉన్నారు. ఇంకా వెనక్కి పోతే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్లకూ మోటారు సైకిళ్లకూ పొగను సైలెన్సరులోకి పోనివ్వకుండా పక్కకు మళ్లించే కట్-అవుట్ అనే మీటే ఉండేది. మోత మీద మోజు మోటారంత పాతది. తేడా దాని ఖర్చులో ఉంది. బఫిలు పీకిన ఆర్ఎక్స్ మరుసటి రోజే మెకానిక్కు దగ్గరికి తిరిగొచ్చేది, ఎందుకంటే పికప్పు పడిపోయింది, ప్లగ్గు మాడింది. బండే తప్పు చెప్పేది. కొత్త బండిలో సెన్సరు ఆ తప్పును చాలామేరకు కప్పేస్తుంది, బండి నడుస్తూనే ఉంటుంది. దండన వేయాల్సిన ఇంజను ఊరుకుంటే పోలీసు వేయాల్సి వచ్చింది. పలు పట్టణాల్లో పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించిన దృశ్యాలు అలా వచ్చినవే.

రెండో అడ్డు దీని నుంచే పుడుతుంది, ఇది మొదటిదాని కన్నా బలమైంది. సెన్సరే అంతా సర్దేస్తే ట్యూనరు దేనికి? నిజమే, సగం దాకా. ఒకే వేగంతో సాగుతున్నప్పుడు ఈసీయూ గొట్టంలోని ఆక్సిజను చూసి మిశ్రమాన్ని 14.7 దగ్గర పట్టి ఉంచుతుంది. ఎండా చలీ తెచ్చే ఎనిమిది శాతం తేడా దానికి ఒక లెక్కే కాదు. కెటలిటిక్ కన్వర్టరు కదల్చకుండా, చివరి డబ్బా ఒక్కటి మార్చే స్లిప్-ఆన్ సైలెన్సరు తెచ్చే తేడా కూడా ఆ పరిధిలోనే ఉంటుంది. అలాంటప్పుడు ట్యూనరు కొనడం దండగ. థ్రాటిలు పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం ఈసీయూ సెన్సరు మాట వినడం ఆపి, ఫ్యాక్టరీలో రాసిన పట్టిక చూసి పెట్రోలు పోస్తుంది. ఆ పట్టిక పాత గొట్టానికి రాసింది. మానిఫోల్డు నుంచి చివరిదాకా మొత్తం గొట్టం మారిస్తే, పట్టిక తప్పుతుంది, లోడు మీద పెట్రోలు తక్కువ పడుతుంది, సీమ ఎండలో ఇంజను మాడుతుంది. దాన్ని దిద్దడానికి మూడు దారులు. ఒకటి, సెన్సరు కబురును కాస్త మార్చి పెట్రోలు పెంచే చిన్న పెట్టె. రెండు, ఇంజెక్టరుకూ ఈసీయూకూ మధ్య కూర్చునే పెట్టె; అమెరికా డైనోజెట్ వాళ్ల పవర్ కమాండర్ దానికి పేరు. మూడు, ఈసీయూలోని పట్టికనే చెరిపి కొత్తది రాయడం. మొదటిది చౌక, కానీ గుడ్డిది. సెన్సరు మాట వినని చోట దాని ప్రభావం పరోక్షం. మూడోది నిక్కచ్చిది, కానీ బండిని బలం కొలిచే డైనో యంత్రం మీద ఎక్కించి, చదవడం తెలిసినవాళ్లు రాయాలి. ఆ డైనో ఏ ఊళ్లో ఉందో చూడండి. బెంగళూరు చల్లటి గదిలో రాసిన పట్టికను అనంతపురం మేలో నడుపుతున్నామని రాసేవాడికి చెప్పకపోతే, బొగ్గు బస్సు డ్రైవరు చేసిన పనిని మనం వదిలేసినట్టే.

ఇక రొద ప్రాణాలు కాపాడుతుందన్న మాట. టూరింగ్ చేసేవాళ్ల నోట ఇది తరచూ వినిపిస్తుంది: లారీవాడికి మన రాక తెలియాలి కదా! లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్థలంలోనే పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో రాసిన నివేదిక ఇక్కడ పనికొస్తుంది. ప్రమాదం తెచ్చిపెట్టిన అడ్డుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా, నేరుగా ముందుకు చూస్తే ఇరువైపులా 45 డిగ్రీల లోపలే ఉన్నాయని అది తేల్చింది. సైలెన్సరు నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ముందున్న లారీ క్యాబిను అద్దాలు బిగించి ఉంటాయి. మోత గట్టిగా తగిలేది వెనక వచ్చేవాళ్లకూ, దారిపక్క పడుకున్నవాళ్లకూ, అందరికన్నా ఎక్కువగా నడిపేవాడికే. ఆరు గంటల హోరు తర్వాత మనిషి అలసి, నిర్ణయాలు మందగిస్తాయి. కొడికొండ నుంచి గుత్తి దాకా లారీలతో పాటు ట్రాక్టర్లు, గొర్రెల మందలు, ఎదురు దిక్కున వచ్చే బండ్లు ఉన్న రోడ్డు మీద ఆ మందకొడితనం చిన్నది కాదు.

చివరి అడ్డు చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షను కింద, 2019 సవరణ తర్వాత, పదివేల రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి తయారీలో శబ్దం హద్దు 80 డెసిబెళ్లు. ఇన్ని ఉండగా ఎంపిక గురించి మాట్లాడటమే తప్పు కదా అనవచ్చు. రోడ్డు మీద అది తప్పే. కన్వర్టరు పీకేసిన గొట్టాన్నీ, పొగ నియమాలు దాటించే పట్టికనూ నేను సమర్థించను. అమెరికాలోనూ ఇదే తంటా వచ్చింది. సుమారు 3 లక్షల 40 వేల ట్యూనర్లు పొగ నియమాలు మీరేలా ఉన్నాయన్న ఆరోపణ మీద 2016 ఆగస్టులో హార్లే-డేవిడ్‌సన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది, వాటి అమ్మకం ఆపింది. అయితే చట్టం గొట్టాన్నీ పెట్టెనూ రెండు నేరాలుగా చూస్తుంది, ఒకే పనిగా చూడదు. కన్వర్టరు ఉంచి, హద్దులోపు శబ్దంతో, బండికి తగ్గ పట్టికతో కలిపి అమ్మిన సరంజామాకు ఆమోదం తెచ్చుకునే దారి సామాన్యుడికి దాదాపు లేదు. ఆ దారి లేనందువల్ల నిజాయితీ గల ట్యూనింగూ, రోడ్డు రోలరు కింద పడే గొట్టమూ ఒకే గాటన కట్టబడుతున్నాయి. కనుక ఇప్పటికి, 350, 400 సీసీల టూరింగ్ బండితో సీమ దారుల్లో తిరిగేవారికి నా లెక్కలో మొదటి ఖర్చు సైలెన్సరు మీద కాదు: మంచి ఎయిర్ ఫిల్టరు, వేడికి తట్టుకునే ఆయిలు, సరైన గాలి ఒత్తిడితో టైర్లు, వాల్వు సందుల సర్దుబాటు. సీమ దుమ్ము నిండిన ఫిల్టరు తినేసే బలం ఖరీదైన గొట్టం ఇవ్వలేదు.

ఈ కథ మళ్లీ మొదటికి తిరిగేలా చేసినది 2023 తర్వాతి పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఎథనాలు కలిపిన ఈ20 అమ్మకం మొదలై, 2025 నాటికి బంకుల్లో అదే మామూలు పెట్రోలైంది. ఎథనాలులో ఆక్సిజను కలిసే ఉంటుంది, కనుక అది కాలడానికి బయటి గాలి తక్కువ చాలు. అంటే పాత కొలతతో పోస్తే మిశ్రమం పలచబడుతుంది. బీఎస్ ఆరు బండిలో సెన్సరు గమనించి ఇంజెక్టరును కాస్త ఎక్కువసేపు తెరుస్తుంది, నడిపేవాడికి తెలియనే తెలియదు. గుత్తి దగ్గర అదే బంకులో నింపుకున్న ముప్పై ఏళ్ల ఆర్ఎక్స్‌కు, కార్బరేటరు బుల్లెట్‌కు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. వాటి ప్లగ్గు విప్పి తెల్లగా మాడిన కొనను వెలుతురులో తిప్పి చూసి, చిన్న సీసాలోంచి ఒక సైజు పెద్ద జెట్టు ఏరే చెయ్యి మళ్లీ కావలసి వచ్చింది.